కానిస్టర్ పెద్దదే, అయినా నల్ల ఆల్గే వదలడం లేదు: ట్యాంకులో నీళ్ళు సరిగ్గా తిరగడం లేదా?

మియాపూర్_ట్యాంక్
అందరికీ నమస్తే. నాది మూడడుగుల మొక్కల ట్యాంకు, 90×45×45 సెం.మీ. గంటకు 1200 లీటర్లు అని డబ్బా మీద రాసిన కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండి పైపులతో నీళ్ళు తిప్పేది), మొక్కల కోసం సిలిండర్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్), ఎల్‌ఈడీ లైటు రోజుకు 10 గంటలు. మధ్యలో పెద్ద డ్రిఫ్ట్‌వుడ్ (ఎండు కర్ర) ఉంది, దాని మీద అనూబియాస్, జావా ఫెర్న్ కట్టాను. ఎడమవైపు వెనక మూలలో హైగ్రోఫిలా, రొటాలా బాగా గుబురుగా పెరిగాయి. చేపలు నియాన్ టెట్రాలు, కొన్ని కోరీలు.

సమస్య ఏంటంటే అనూబియాస్ ఆకుల అంచుల్లో నల్లటి కుచ్చులు వచ్చేశాయి, వేలితో గట్టిగా రుద్దినా ఊడటం లేదు. ఫిల్టర్ నుంచి నీళ్ళు వచ్చే పైపు మూతి దగ్గర కూడా అదే. ఎడమ మూలలో సాయిల్ (అడుగున పరిచిన మట్టి) మీద ముదురు ఆకుపచ్చ పొర తెట్టులా పరుచుకుంటోంది, పొద్దున చూస్తే నీటి మీద నూనె పొరలాంటిది ఉంటోంది. షాపువాళ్ళేమో ఫ్లో చాలట్లేదు, వేవ్‌మేకర్ (ట్యాంకు లోపల నీళ్ళను తోసే చిన్న మోటారు) పెట్టమంటున్నారు. నా ఫ్రెండేమో ఫ్లో ఎక్కువైతేనే నల్ల ఆల్గే వస్తుంది, అందుకే పైపు మూతి మీద పుట్టింది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు
ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. డబ్బా మీద రాసిన 1200 అనేది లోపల స్పాంజి, రింగులు ఏమీ లేకుండా వచ్చే లెక్క. మీ ట్యాంకులో అసలు ఎంత వస్తోందో కొలవండి. 10 లీటర్ల బకెట్ తీసుకుని, ఫిల్టర్ బయటికి వదిలే పైపును అందులో పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. బకెట్ నేల మీద కాదు, ట్యాంకు నీటిమట్టం ఎత్తులోనే స్టూలు మీద పెట్టుకుని చేయాలి, కింద పెడితే సైఫన్ లాగేసి నీళ్ళు ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది.

సిట్రిక్‌బాటిల్
నా సలహా వేరు బ్రో. పైన నీళ్ళు కదిలితే సీఓటూ అంతా గాల్లో కలిసిపోతుంది. నేను సిలిండర్ లేకుండా సిట్రిక్ యాసిడ్, వంటసోడా బాటిళ్ళతోనే సీఓటూ నడుపుతున్నాను, పైన అల అనేది రానివ్వను, మొక్కలు బాగానే ఉన్నాయి. వేవ్‌మేకర్ మాత్రం పెట్టకండి.

వల్లిస్నేరియా_వైజాగ్
మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజమే, కానీ దాన్నుంచి తీసిన తీర్పు తప్పు. ఈ నల్ల బ్రష్ ఆల్గే, అందరం బీబీఏ అంటామే, అది నిజానికి ఎర్ర ఆల్గే జాతి. రాయికీ కర్రకీ గట్టిగా అతుక్కునే పట్టు దానికి ఉంటుంది కాబట్టి వేగంగా పారే చోట కూడా నిలబడగలదు, మిగతా ఆల్గేలు కొట్టుకుపోయిన చోట ఇది ఉండిపోతుంది. పైపు మూతి మీద ఉంది కాబట్టి ఫ్లో వల్లే వచ్చిందనుకుంటే, మూలలో నీళ్ళు ఆగిపోయిన చోట వచ్చిన ఆ ఆకుపచ్చ పొరకి ఏం కారణం చెబుతాం?

మొక్కకి ఫ్లో ఎందుకు కావాలో అర్థమైతే మిగతాదంతా తేలిక. సీఓటూ గాల్లో వ్యాపించే వేగంతో పోలిస్తే నీళ్ళలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ప్రతి ఆకు చుట్టూ కదలని నీటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది, సీఓటూ అయినా నైట్రేట్ అయినా ఆ పొరను దాటి లోపలికి రావాలి. గాలి ఆడని రోజు దండెం మీద బట్టలు ఆరవే, అలాగే నీళ్ళు కదలకపోతే ఆ పొర మందంగా ఉండిపోయి, చుట్టూ అన్నీ ఉన్నా ఆకుకి అందవు. పైన 10 గంటల లైటు మాత్రం పని చేయమని తోస్తూనే ఉంటుంది. అలా ఆకలితో ఉన్న పాత ఆకు అంచుల నుంచి లోపలి పదార్థం కారుతుంది, ఆల్గే మొదట కూర్చునేది అక్కడే. అనూబియాస్ మరీ నెమ్మదిగా పెరిగే మొక్క, ఒకే ఆకు నెలల తరబడి ఉంటుంది కాబట్టి దానికే ముందు తగులుతుంది.

అందుకే గంటకు ఎన్ని లీటర్లు తిరుగుతున్నాయనే లెక్క కంటే, ఆ నీళ్ళు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయి, ఎక్కడికి వెళ్ళడం లేదు అనేదే నాకు ముఖ్యం. రాత్రి ట్యాంకు లైటు ఆపగానే, సీఓటూ ఇంకా వస్తుండగానే, ఫోన్ టార్చ్‌ని పక్క అద్దం నుంచి కొట్టి చూడండి. సన్నటి బుడగలు దుమ్ములా మెరుస్తూ కనిపిస్తాయి. అవి ఎక్కడ తిరుగుతున్నాయో, ఏ మూలకి ఒక్కటి కూడా చేరడం లేదో ఆ వెలుగులో తెలిసిపోతుంది.

మియాపూర్_ట్యాంక్
మేడమ్, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. టార్చ్‌తో చూశాను. బుడగలన్నీ కుడివైపు పైభాగంలోనే గిరగిరా తిరుగుతున్నాయి, డ్రిఫ్ట్‌వుడ్‌కి తగిలి వెనక్కి వచ్చేస్తున్నాయి. ఎడమవైపు గుబురు వెనక ఒక్క బుడగ లేదు.

బకెట్ కూడా పెట్టాను. 10 లీటర్లకు 55 సెకన్లు.

గోదారిగట్టు
అంటే గంటకు 650 లీటర్లు. మీ ట్యాంకు లెక్కకు 182 లీటర్లు, సాయిల్, రాళ్ళు, కర్ర తీసేస్తే నీళ్ళు 150 దాకా ఉంటాయేమో. గంటకు నాలుగు సార్లకు కాస్త పైన. మొక్కల ట్యాంకుకి సాధారణంగా 5 నుంచి 10 సార్లు అంటారు. మీ మోటారు చిన్నదేం కాదు, ఎక్కడో నీళ్ళు ఇరుక్కుంటున్నాయి. కానిస్టర్ విప్పి ఇంపెల్లర్ (మోటారులో తిరిగే రెక్క) చూడండి, దానికి చుట్టుకున్న జిగురు తీయండి. సన్నటి తెల్ల దూది పొర ఉంటే మార్చేయండి. అన్నిటికంటే ముఖ్యం పైపుల లోపలి గోడ, దాన్ని చాలామంది మర్చిపోతారు. పొడవాటి స్ప్రింగు బ్రష్ పెట్టి తోమితే లోపలినుంచి గోధుమరంగు పాచి ముద్దలు ముద్దలుగా వస్తుంది. రింగుల్ని మాత్రం కుళాయి నీళ్ళతో కడగొద్దు, ట్యాంకు నీళ్ళలోనే జాడించండి, క్లోరిన్ తగిలితే బ్యాక్టీరియా పోతుంది.

రొయ్యలపిచ్చి
మాది భీమవరం, ఇంట్లో అందరం చెరువుల మీదే బతుకుతాం కాబట్టి ఆక్సిజన్ సంగతి నేను చెబుతాను. సిట్రిక్‌బాటిల్ తమ్ముడూ, నీ ట్యాంకు గురించి కాదు, సిలిండర్ ఉన్నవాళ్ళ గురించి అంటున్నాను. రొయ్యల చెరువులో ప్రమాదం ఎప్పుడూ తెల్లవారుజామునే. పగలు ఆల్గే, మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా అవే పీల్చుకుంటాయి, సూర్యుడు వచ్చేముందు నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది. అందుకే మేము రాత్రిళ్ళు ఏరేటర్లు తిప్పుతాం, కరెంటు పోతే జనరేటర్ దగ్గర కాపలా ఉంటాం. మొక్కల ట్యాంకులోనూ అదే వరస.

పొద్దున నీటి మీద ఆ నూనె పొర ఉందన్నారు చూడండి, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ఆ పొర ఉంటే పైనుంచి గాలి కలవడం తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర నీళ్ళు పట్టగల ఆక్సిజన్ లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మన ఎండాకాలంలో 32 డిగ్రీలకు వెళ్తే 7.3కి దిగుతుంది. ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియాకీ, చేపలకీ, చెత్తను కుళ్ళబెట్టే వాటికీ అన్నిటికీ అందులోంచే రావాలి. కుళ్ళు సరిగ్గా పూర్తికాకపోతే ఆ సేంద్రియ చెత్త నీళ్ళలో ఉండిపోతుంది, ఆల్గేకి అది పండగ. నీటిపైభాగం మెరుస్తూ చిన్నగా అలలు ఆడాలి, చప్పుడు రాకూడదు, నేను పెట్టుకునే కొలత అంతే.

సిట్రిక్‌బాటిల్
అన్నా, సీఓటూ పోతుంది కదా మరి?

రొయ్యలపిచ్చి
పోతుంది. సిలిండర్ ఉన్నవాళ్ళు రెండు బుడగలు ఎక్కువ పెట్టుకుంటారు, గ్యాస్ చవకే. పైన కదలిక ఉంటే పోయేదీ వచ్చేదీ ఒక లెక్కలో నిలబడి, రోజంతా సీఓటూ ఒకే మట్టంలో ఉంటుంది, అదే కావలసింది.

సిట్రిక్‌బాటిల్
సరే. బాటిల్ మీద నడిపేవాళ్ళకి గ్యాస్ వేగాన్ని అంత కచ్చితంగా పెంచుకునే వీలు ఉండదు కాబట్టి మా విషయంలో పైన నెమ్మదిగా ఉండటమే మంచిదని ఇప్పటికీ అంటాను. రాత్రిపూట మాత్రం ఎయిర్‌పంపు వేస్తున్నాను.

వల్లిస్నేరియా_వైజాగ్
అందులో తప్పేం లేదు, రాత్రి ఎయిర్‌పంపు మంచి అలవాటు.

మియాపూర్ గారు, ఇప్పుడు సీఓటూ ఎప్పుడు మొదలవుతోంది, లైటు ఎప్పుడు వెలుగుతోంది? డ్రాప్ చెకర్ (నీళ్ళలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) ఉందా, అది ఎక్కడ వేలాడదీశారు?

మియాపూర్_ట్యాంక్
రెండూ ఒకే టైమర్ మీద ఉన్నాయి మేడమ్, ఉదయం 10కి రెండూ ఆన్, రాత్రి 8కి రెండూ ఆఫ్. డ్రాప్ చెకర్ కుడివైపు డిఫ్యూజర్‌కి (సీఓటూని సన్నటి బుడగలుగా వదిలేది) దగ్గరగానే ఉంది, ఎప్పుడు చూసినా ఆకుపచ్చగానే ఉంటుంది.

వల్లిస్నేరియా_వైజాగ్
చిక్కు అక్కడే ఉంది అనుకుంటున్నాను. డ్రాప్ చెకర్‌లో 4 డీకేహెచ్ (కార్బొనేట్ కఠినత్వం కొలత) ద్రావణం ఉంటే ఆకుపచ్చ రంగు అంటే సీఓటూ 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు) దగ్గర ఉన్నట్టు, నీలం అంటే తక్కువ, పసుపు అంటే చేపలకి ఎక్కువ. అది వేలాడే చోట ఎంత ఉందో అంతవరకే చెబుతుంది, పైగా గంట రెండు గంటలు ఆలస్యంగా చెబుతుంది. దాన్ని తీసి ఎడమవైపు ఆ గుబురు పక్కన, సాయిల్‌కి దగ్గరగా పెట్టండి. ఇంకోటి, ఒక గ్లాసులో ట్యాంకు నీళ్ళు తీసి రాత్రంతా బయట ఉంచి పొద్దున పీహెచ్ చూడండి. తర్వాత లైటు వెలిగినప్పటి నుంచి గంట గంటకీ ట్యాంకులో పీహెచ్ రాయండి. పీహెచ్ ఒక పాయింటు దిగిందంటే సీఓటూ దాదాపు పది రెట్లు అయినట్టు. లైటు వెలిగేసరికే ఆ ఒక్క పాయింటు దిగి ఉండాలి, సాయంత్రం దాకా అక్కడే నిలవాలి.

మియాపూర్_ట్యాంక్
గ్లాసులో పీహెచ్ 7.6. ట్యాంకులో లైటు వెలిగినప్పుడు 7.4, మధ్యాహ్నం రెండింటికి 6.7, తర్వాత అక్కడే ఆగింది. డ్రాప్ చెకర్ ఎడమవైపు పెడితే మధ్యాహ్నం దాకా నీలంగానే ఉంది, సాయంత్రం కాస్త ఆకుపచ్చ తిరిగింది.

గోదారిగట్టు
మేడమ్ సరిగ్గా పట్టుకున్నారు. రోజూ నాలుగు గంటలు ఫుల్ లైటు కింద మొక్కలు సీఓటూ లేకుండా ఉంటున్నాయి, ఎడమవైపువైతే సాయంత్రం దాకా. ఇలా రోజూ ఎక్కువా తక్కువా అవుతుంటే బీబీఏ రాకపోతేనే ఆశ్చర్యం.

ఈ వరసలో చేయండి. సోలినాయిడ్‌కి (సీఓటూని ఆన్, ఆఫ్ చేసే కరెంటు వాల్వు) వేరే టైమర్ కొనండి, లైటుకు రెండు గంటల ముందు సీఓటూ మొదలవ్వాలి, లైటు ఆగేదానికి గంట ముందు ఆగినా పర్లేదు. మొదటి రోజు చేపల దగ్గరే ఉండండి, పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే వెంటనే తగ్గించాలి. లైటు 10 గంటల నుంచి 6 గంటలకి దించండి, డిమ్మర్ ఉంటే వెలుగు కూడా తగ్గించండి. మొక్కల ఆకలిని పెంచేది లైటే, ముందు ఆ ఆకలి తగ్గిస్తే మీకు మిగతావి సరిచేసుకునే టైం దొరుకుతుంది.

ఇక నీళ్ళ దారి. మీ అవుట్‌లెట్ ఎక్కడుంది, వెనక అద్దానికా?

మియాపూర్_ట్యాంక్
కుడివైపు వెనక మూలలో ఉంది సార్, ముందు అద్దం వైపు అడ్డంగా కొడుతుంది. నీళ్ళు లోపలికి లాగే పైపు ఎడమ మూలలో గుబురు మధ్యలో ఉంది.

గోదారిగట్టు
రెండు పైపులూ ఒకే పక్కకి, కుడి గోడకి తెచ్చేయండి. అవుట్‌లెట్ పొడవు వెంబడి ఎడమకి కొట్టాలి, నీటిమట్టానికి కొంచెం కింద. నీళ్ళు పైన ఎడమ అద్దం దాకా వెళ్ళి, తగిలి కిందికి దిగి, సాయిల్ మీదుగా మళ్ళీ కుడివైపు ఇన్‌లెట్‌కి వస్తాయి. ట్యాంకు మొత్తం ఒకే పెద్ద చుట్టుగా తిరగాలి, చిన్న చిన్న సుడులు ఒకదానికొకటి ఎదురు కొట్టుకుంటే ఎంత మోటారు పెట్టినా దండగ. ఇన్‌లెట్ గుబురు మధ్యలో ఉంటే ఆకులే జాలీకి అడ్డం పడతాయి, మీ 55 సెకన్లలో దానికీ వాటా ఉండే ఉంటుంది. లిల్లీ పైపు (పువ్వులా విచ్చుకున్న మూతి ఉండే గాజు అవుట్‌లెట్) లేకపోతే, వెనక గోడ పొడవునా స్ప్రేబార్ (వరసగా రంధ్రాలున్న పైపు) పెట్టి రంధ్రాలు ముందు అద్దం వైపు తిప్పడం ఇంకో పద్ధతి, నీళ్ళు ముందు అద్దం వెంట దిగి కింద నుంచి వెనక్కి వస్తాయి. మీ కర్ర ఎత్తుగా ఉంది కాబట్టి స్ప్రేబారే మేలేమో, రెండూ చేసి టార్చ్‌తో చూడండి.

గుబురును కింద నుంచి పల్చన చేయండి. పైన కత్తిరిస్తే ఇంకా చిక్కబడుతుంది, కాడలు వేళ్ళతో సహా కొన్ని పీకేయాలి.

రొయ్యలపిచ్చి
మూలలో ఆకుపచ్చ పొర అన్నారు కదా, దాన్ని గోటితో ఎత్తితే షీటులా లేస్తుందా? మట్టి కుళ్ళు వాసన వస్తుందా?

మియాపూర్_ట్యాంక్
అవునండీ, దుప్పటిలా లేస్తుంది. వాసన దారుణం.

రొయ్యలపిచ్చి
అయితే అది సయనోబ్యాక్టీరియా, నీలి ఆకుపచ్చ ఆల్గే అంటారే, అది. చెరువుల్లోనూ ఇదే కుటుంబం మాకు తలనొప్పి. సన్న పైపు పెట్టి సైఫన్‌తో ఆ పొర మొత్తం లాగేయండి, నీళ్ళతోపాటు బయటికి పోవాలి, చేత్తో చెదరగొడితే పక్కకి పాకుతుంది. తర్వాత మూడు నాలుగు రోజులు ట్యాంకుకి నల్ల గుడ్డ కప్పి, సీఓటూ ఆపి, ఎయిర్‌పంపు వేసి ఉంచితే చాలావరకు పోతుంది. ఆ మూలకి నీళ్ళు చేరకపోతే మళ్ళీ వస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఎరిత్రోమైసిన్ బిళ్ళ వేయమని ఎవరో ఒకరు చెబుతారు. పని చేస్తుంది, కానీ దయచేసి వద్దు. ఆ నీళ్ళు తీసి కాలువలో పోస్తాం, అక్కడి బ్యాక్టీరియా మందుకి అలవాటుపడుతుంది. రొయ్యల సాగులో యాంటీబయాటిక్స్ వాడి ఎగుమతులు వెనక్కి వచ్చిన బాధ మా జిల్లాలో చూశాం. అలంకారం కోసం పెట్టుకున్న ట్యాంకుకి ఆ మందు అక్కర్లేదు.

వల్లిస్నేరియా_వైజాగ్
పై మాటకి నా పూర్తి మద్దతు.

నైట్రేట్ కూడా చూడండి, సున్నాకి దగ్గరగా ఉంటే ఈ పొర ఎక్కువగా కనిపిస్తుంది. ఎరువుల దుకాణంలో డ్రిప్ రైతులు వాడే 13-0-45 అనే ఎరువు దొరుకుతుంది, అది పొటాషియం నైట్రేటే. 150 లీటర్లకు 2.5 గ్రాములు వేస్తే నైట్రేట్ 10 పీపీఎం పెరుగుతుంది. 0-52-34 అనేది ఫాస్ఫేట్ కోసం, అదే నీళ్ళకి 0.2 గ్రాములు వేస్తే 1 పీపీఎంకి కాస్త తక్కువ. అనూబియాస్ ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు వచ్చేవాళ్ళకి చాలాసార్లు ఫాస్ఫేట్ కొరతే ఉంటుంది. మీరు బోరు నీళ్ళు వాడుతుంటే మాత్రం ముందు ఆ నీళ్ళ నైట్రేట్ పరీక్ష చేయండి, చాలాచోట్ల బోరులోనే కావలసినంత ఉంటుంది. ఎరువులు వేస్తే ఆల్గే వస్తుందన్న భయం చాలామందికి ఉంది. వారానికి సగం నీళ్ళు మార్చి, ఎరువులు ధారాళంగా వేసే పద్ధతిని టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చాక, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువున్నా ఆల్గే లేని ట్యాంకులు ఎన్నో వచ్చాయి. అందుకే నేను మొదట లైటునీ సీఓటూనీ అనుమానిస్తాను.

మియాపూర్_ట్యాంక్
ఇప్పుడున్న నల్ల కుచ్చుల్ని ఏం చేయాలి? షాపులో సక్కర్ చేప తీసుకోమన్నారు, మొత్తం తినేస్తుందట.

గోదారిగట్టు
వద్దే వద్దు. అది బీబీఏ తినదు, అడుగు దాటి పెరుగుతుంది, అది తినే దానికంటే వేసే పెంట ఎక్కువ. పెరిగాక ట్యాంకులో పట్టక జనం చెరువుల్లో వదిలేస్తున్నారు. మన దగ్గర చెరువుల్లో, కాలువల్లో వలకి పడుతున్న ఆ దెయ్యం చేప ఇదే, ముళ్ళకి వలలు చిరిగిపోయి జాలర్లు ఏడుస్తున్నారు. బీబీఏ తినేది సయామీస్ ఆల్గే ఈటర్, దాని పక్కనున్న నల్ల గీత తోక చివరిదాకా వెళ్తుంది, తోక మొదట్లోనే ఆగిపోతే అది వేరే చేప. అదీ చిన్నప్పుడే బాగా తింటుంది, పెద్దయ్యాక మేతకి మరుగుతుంది.

రొయ్యలపిచ్చి
అమానో రొయ్యలు కూడా మంచివి, జపాన్ అక్వాస్కేపర్ తకాషి అమానో 1980లలో ఆల్గే కోసం వాడి వాటికి పేరు తెచ్చారు. దారాల్లాంటి ఆల్గేని బాగా తింటాయి. బతికున్న బీబీఏని పెద్దగా ముట్టవు, చచ్చిపోయి గులాబీ రంగుకి మారినదాన్ని శుభ్రంగా పీక్కుతింటాయి. ఇన్‌లెట్‌కి స్పాంజి తొడగండి, దాన్ని వారం వారం పిండకపోతే మళ్ళీ ఫ్లో పడిపోతుంది.

వల్లిస్నేరియా_వైజాగ్
చంపడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో ఇచ్చే సీసా మీద ఏం రాసుందో చదవండి. 10 వాల్యూమ్స్ అంటే 3 శాతం, 20 వాల్యూమ్స్ అంటే 6 శాతం, మన దగ్గర ఎక్కువగా రెండోదే ఇస్తారు, దాన్ని సమానంగా నీళ్ళు కలిపి పల్చన చేసుకోవాలి. 3 శాతానిది 10 లీటర్ల ట్యాంకు నీళ్ళకి 2.5 మి.లీ. దాటొద్దు. మోటారు ఆపి, సూది తీసేసిన సిరంజితో కుచ్చుల మీదే నెమ్మదిగా వదలండి, బుడగలు వస్తాయి, పావుగంట ఆగి మోటారు వేయండి. ఒకటి రెండు రోజుల్లో నలుపు పోయి గులాబీ రంగు తిరుగుతుంది, తర్వాత తెల్లబడుతుంది. గ్లూటరాల్డిహైడ్ ఉండే లిక్విడ్ కార్బన్ కూడా చంపుతుంది కానీ దానికి వల్లిస్నేరియా మొక్క కరిగిపోతుంది, నేను ముట్టను. బాగా పట్టిన ఆకుల్ని కత్తిరించి పారేయండి, ఆ ఆకు మళ్ళీ బాగుపడదు.

టెక్సాస్_తెలుగు
డాలస్ నుంచి ఒక చిన్న మాట. సగం నీళ్ళు మార్చమన్నారు, ఇక్కడ మా కుళాయి నీళ్ళలో క్లోరమైన్ వేస్తారు, అది క్లోరిన్‌లా ఒక రాత్రి బకెట్‌లో ఉంచితే పోదు, తప్పకుండా కండిషనర్ (దాన్ని విరిచే మందు) వేయాలి. అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళు మీ ఊరి నీళ్ళ నివేదిక చూసుకోండి.

మియాపూర్_ట్యాంక్
అందరికీ అప్‌డేట్. పైపులు తోమితే నిజంగానే గోధుమరంగు ముద్దలు వచ్చాయి, దూది మార్చాను, బకెట్ ఇప్పుడు 42 సెకన్లలో నిండుతోంది. రెండు పైపులూ కుడివైపుకి తెచ్చినా కర్ర అడ్డం వచ్చింది, స్ప్రేబార్ పెట్టాక టార్చ్ వెలుగులో బుడగలు ఎడమ మూల సాయిల్ దాకా దిగుతున్నాయి. వేవ్‌మేకర్ కొనలేదు. లైటు వెలిగేసరికి పీహెచ్ 6.6కి వస్తోంది. నూనె పొర లేదు. ఆకుపచ్చ పొర తిరిగి రాలేదు. అనూబియాస్ కొత్త ఆకులు మూడు వచ్చాయి, అంచులు శుభ్రంగా ఉన్నాయి. రాయి మీద ఇంకా కొంచెం నలుపు ఉంది.

ఎండాకాలం వస్తోంది, అప్పుడు ఏం మార్చుకోవాలి?

రొయ్యలపిచ్చి
సంతోషం అండీ. వేడి పెరిగితే నీళ్ళు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, చేపలకి అవసరం పెరుగుతుంది. కాబట్టి పైన అల ఇంకొంచెం పెంచండి, సీఓటూ పెంచడానికి తొందరపడకండి. చిన్న ఫ్యాను నీటి పైకి తిప్పితే హైదరాబాద్ పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మా భీమవరంలో ఉక్కకి అంత తగ్గదు. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్ళే పోయండి, బోరు నీళ్ళు పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి. కానిస్టర్‌ని ఇన్వర్టర్ మీద వేసుకోండి, కరెంటు గంటల తరబడి పోతే లోపలి బ్యాక్టీరియాకి ఊపిరాడదు.

గోదారిగట్టు
ఆ రాయిని తీసి బయటే పెరాక్సైడ్ రాసి, పది నిమిషాలాగి కడిగి పెట్టేయండి. బకెట్ కొలత నెలకోసారి రాసి పెట్టుకోండి, 50 సెకన్లు దాటితే పైపులు తోమే టైం వచ్చినట్టు.